దేశమే వ్యాఖ్యానము: ద్రాక్షామధువుల స్థలనామములు – గుణవిచారము

ఉపక్రమము

వస్తువులకు పేర్లు పలువిధముల కలుగును. ఉపాదానద్రవ్యమునుబట్టి కొన్నింటికి, నిర్మాతనుబట్టి కొన్నింటికి, పుట్టిన తావునుబట్టి కొన్నింటికి పేర్లు వచ్చును. సంస్కృతమున ఈ మూడవ తెగ పేర్లు కొల్లలు. సింధుదేశపు ఉప్పు సైంధవము. కాశ్మీరమున పండు కుంకుమపువ్వు కాశ్మీరజము. మలయపర్వతమున పెరుగు చందనము మలయజము. చీనదేశపు పట్టు చీనాంశుకము. తెలుగునాట పోచంపల్లి చీర, బనగానపల్లె మామిడి ఇట్టివే. ఈ పేర్లు వినినంతనే శ్రోతకు ముందుగా స్ఫురించునది ఊరు కాదు, వస్తువు. వస్తువుతోపాటు దానికి గల ఒకానొక గుణము. ఊరి పేరు గుణమును ఎట్లు బోధింపగలుగుచున్నది? ఊరికిని గుణమునకును నిజముగా కార్యకారణభావము కలదా? లేక చిరకాలపు అలవాటుచే ఏర్పడిన అధ్యారోపము మాత్రమేనా?

ఈ ప్రశ్నకు లోకమున మిక్కిలి విస్తృతమైన పరీక్ష జరిగినది ద్రాక్షామద్యము విషయమున. ఐరోపాఖండమున, విశేషించి ఫ్రాన్సుదేశమున, ద్రాక్షతోట ఒక్కొక్కదానికి పేరును, పేరునకు హద్దును, హద్దునకు శాసనమును ఏర్పరచి, ఆ పేరు ధరించు మద్యము ఎట్లుండవలెనో నిర్ణయించిరి. పానవిషయకములైన విధినిషేధములు ధర్మశాస్త్రమునకు చెందినవి. ఇచట విచార్యమైనది పానము కాదు; నామమును, ఆ నామముచే వాచ్యమగు గుణమును. ఈ విచారమునకు మూలము భారతీయ శాస్త్రములలోనే కలదు.

కాపిశాయనము

పాణిని అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయము రెండవ పాదమున తొంబదితొమ్మిదవ సూత్రముచే కాపిశీ యను నగరనామమునకు శైషికార్థములందు ష్ఫక్ ప్రత్యయమును విధించెను. కాపిశీశబ్దము వృద్ధసంజ్ఞ గలది యగుటచే, సామాన్యశాస్త్రమునుబట్టి ఛప్రత్యయము వచ్చి ‘కాపిశీయ’మని కావలసియుండెను. దానిని బాధించి ‘కాపిశాయన’మను రూపము సిద్ధించుటకే ఈ ప్రత్యేక సూత్రము. ప్రత్యయము షిత్తగుటచే స్త్రీలింగమున కాపిశాయని యగును. కాశికావృత్తి చూపిన ఉదాహరణములు రెండు: ఒకటి మధువు, మరియొకటి ద్రాక్ష. కాపిశీనగరము నేటి ఆఫ్ఘనిస్తానమున కాబూలునకు ఉత్తరముగా నున్న బేగ్రామ్ ప్రాంతమని చరిత్రకారుల నిర్ణయము. ఒక దూరదేశపు నగరమునకై వ్యాకరణమున ఒక సూత్రము వెలసినదనగా, ఆ రూపము శిష్టవ్యవహారమున స్థిరపడి యుండెనని భావింపవలెను.

కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ అధికరణము, సురాధ్యక్షప్రకరణము ఈ విషయమును మరింత విశదము చేయుచున్నది. అచట మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని మద్యభేదములు చెప్పబడినవి. మేదకమునకు ద్రోణపరిమితమైన నీరు, అర్ధాఢకము బియ్యము, మూడు ప్రస్థముల కిణ్వము అని కొలతలు కలవు. ఆసవమునకు తులపరిమితమైన వెలగపండు, ఐదు తులల ఫాణితము, ప్రస్థము తేనె అని యోగము కలదు. మధువు కడకు వచ్చునప్పటికి మాత్రము గ్రంథకారుని పద్ధతి మారినది. అది ద్రాక్షారసమని చెప్పి, కొలతలు చెప్పక, దాని స్వదేశమే దానికి వ్యాఖ్యానమను భావముతో కాపిశాయనము, హారహూరకము అను రెండు పేర్లను మాత్రము చెప్పి విడిచెను.

ఈ భేదము యాదృచ్ఛికము కాదు. మేదకాదులను బియ్యము, కిణ్వము లభించు ఏ తావుననైనను యోగమునుబట్టి చేయవచ్చును. వానికి లక్షణము యోగమే. మధువునకు ఉపాదానము ద్రాక్షారసమొక్కటే. నీరు కలుపరు, ధాన్యము చేర్పరు. కావున ఒక మధువునకు మరియొక మధువునకు భేదము కల్పించునది రసము పండిన నేల. యోగము చెప్పవలసిన చోట దేశమును చెప్పుటయే కౌటిల్యుని సూక్ష్మదృష్టి. ఇచటినుండి మధువనగా ఆయన సంకేతమునుబట్టి ద్రాక్షామద్యమే యని గ్రహింపదగును.

పుట్టుట, వచ్చుట

శైషికప్రకరణమున ‘అక్కడ పుట్టినది’ అనునదియు, ‘అక్కడనుండి వచ్చినది’ అనునదియు వేర్వేరు అర్థములు. ఒకే ప్రత్యయము రెండర్థములను చెప్పినను భావభేదము పోదు. ఐరోపా మధునామములలో ఈ రెండు తెగలును స్పష్టముగా కానవచ్చును.

ఫ్రాన్సున బర్గండి, షబ్లీ, షాంపేన్ అను పేర్లు జాతార్థకములు. పండు పండిన సీమయే పేరు. పోర్చుగల్ దేశపు ‘పోర్ట్’ అనునది ఆగతార్థకము. దాని ద్రాక్ష డూరోనది ఎగువ లోయయందలి నిటారు కొండచరియలపై పండును. పేరు మాత్రము సముద్రతీరమున ఓడలకెక్కించు ఓపోర్తో రేవునుండి వచ్చినది. రేవు పేరు ప్రసిద్ధమైనప్పుడు ఎచ్చటి రసమునైనను రేవునకు చేర్చి ఆ పేరుతో అమ్మవచ్చును. ఈ అపాయమును వారించుటకే 1756లో పోంబాల్ ప్రభువు డూరోసీమకు హద్దులేర్పరచి, రాతికంబములు పాతించెను. ఆగతార్థకమైన నామమును జాతార్థమునకు కట్టివేయుటయే ఆ కంబముల ప్రయోజనము. ఇంతకు ముందే 1716లో ఇటలీయందలి టస్కనీప్రభువు మూడవ కోసిమో కియాంతి మొదలగు సీమలకు హద్దులు శాసించెను.

దేశమనగా నేమి?

చరకసంహిత దేశమును జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడు విధములుగా విభజించి, ఓషధుల వీర్యము వానిననుసరించి మారునని చెప్పినది. అచట దేశమనగా మన్ను మాత్రమే కాదు. నీరు, గాలి, ఎండ, అచట పెరుగు తరుగుల్మములు అన్నియు చేరినవి. ఫ్రెంచివారు ‘టెర్వార్’ అను మాటచే చెప్పునదియు దాదాపు ఇట్టి సముదాయమే: నేల, దాని క్రిందిరాయి, వాలు, ఎత్తు, ఎండతగులు దిక్కు, వాన, మంచు, వీనితో చిరకాలపు కృషిపద్ధతి.

ఈ సముదాయము పనిచేయు తీరు బర్గండియందు స్ఫుటముగా కానవచ్చును. డిజోన్ నగరమునకు దక్షిణముగా ఇంచుమించు 50 కిలోమీటర్ల పొడవున సన్నని కొండవాలు కలదు. సున్నపురాయి, మార్ల్ మన్ను కలిసిన నేల. ఎర్రని మధువునకు పినో న్వార్, తెల్లని దానికి షార్డొనే అనునవి ప్రధానములైన ద్రాక్షజాతులు. జాతి ఒక్కటియే అయినను గుణము వాలుననుసరించి మారును. శిఖరప్రాంతమున నేల పలుచన, చలి అధికము. పండు ఆలస్యముగా పక్వమగును. అడుగున బంకమన్ను, తడి అధికము. తీగ విరివిగా కాచును, రసము పలుచనగును. నడుమ, ప్రాయికముగా తూర్పుముఖముగా నున్న భాగమున ఉదయపుటెండ తగులును, నీరు నిలువదు, చలిగాలి క్రిందికి జారిపోవును. బర్గండియందలి 33 ‘గ్రాఁ క్ర్యు’ తోటలలో ఎర్రనివన్నియు, తెల్లనివి పెక్కును ఈ కొండవాలున, అధికభాగము నడిమిపట్టుననే కలవు. పరస్పరము ఆనుకొనిన పొలములకును వేర్వేరు పేర్లు కలవు. రొమానే కోంతీ తోట విస్తీర్ణము 1.8 హెక్టార్లు మాత్రమే; దాని ఎగువన ఆనుకొనియున్న లా రొమానే 0.85 హెక్టారు, రెండింటికిని వేర్వేరు నామములు, వేర్వేరు శాసనరక్షణము. ఇట్లు పేరు, హద్దు గల ఖండములు ఈ వాలున 1,200కు పైగా కలవు. వానిని అచటివారు ‘క్లిమా’లందురు. 2015లో యునెస్కో సంస్థ వానిని ప్రపంచవారసత్వముగా గుర్తించినది.

ఉత్తరమున నున్న షబ్లీయందును షార్డొనేయే పండును. కాని అచట శీతము హెచ్చు, వసంతమున మంచుదెబ్బ తరచు. పూర్వకాలపు సముద్రగర్భమున ఏర్పడిన కిమ్మెరిడ్జియన్ మార్ల్ నేలలో చిన్న చిన్న ఆల్చిప్పల శిలాజములు కానవచ్చును. అచటి మధువు ఆమ్లప్రధానమై, సన్నగా, నిశితముగా నుండును. బోన్ పట్టణప్రాంతపు మర్సో గ్రామమున అదే జాతిపండు గరిమతో స్నిగ్ధముగా నుండును. బీజమొక్కటియే, క్షేత్రము వేరు.

బోర్డోసీమయందు జాతులే నేలననుసరించి మారినవి. ఝిరోంద్ నదీముఖమునకు ఎడమగట్టున మెదోక్ ప్రాంతము గులకరాళ్ల నేల. అది పగటి వేడిమిని నిలుపుకొని, నీటిని త్వరగా వడియజేయును. ఆలస్యముగా పండు కాబెర్నే సోవిన్యోఁ జాతికి ఆ వేడిమి ఆవశ్యకము. కుడివైపున పొమెరోల్ ప్రాంతమున చల్లని బంకమన్ను కలదు. ముందుగా పండు మెర్లో అచట రాణించును. మెదోక్ నేలలను పరిశోధించిన బోర్డో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఝెరార్ సెగ్యాఁ, గుణమునకు హేతువు మన్నునందలి రసాయనద్రవ్యములకన్న, తీగకు నీరు అందు క్రమమే యని నిరూపించెను. మితముగా, ఆగి ఆగి నీరు అందినచోట కాయ చిన్నదగును, రసము చిక్కనగును. రాతి రుచియే నేరుగా మధువులోనికి దిగుననుట కవిసమయము వంటిది. నేల నీటిద్వారమునను వేడిమిద్వారమునను పనిచేయుననుట శాస్త్రసమ్మతము.

దోషమే గుణమైన విచిత్రము సోటెర్న్ సీమయందు కలదు. సిరోఁ అను చల్లని చిన్న యేరు, వెచ్చని గారోన్ నదిలో కలియుచోట శరత్కాలమున ఉదయము పొగమంచు క్రమ్మును, మధ్యాహ్నము ఎండ కాయును. ఆ తడికి ద్రాక్షపై ఒక బూజు పుట్టును. ఆ యెండకు అది హద్దుమీరదు. బూజు తోలును సచ్ఛిద్రము చేయగా నీరావిరియై, తీపి సాంద్రమగును. అన్యత్ర పంటను చెరచు వ్యాధి ఇచట మధురమధువునకు కారణము. ఐదు గ్రామములకు మాత్రమే ఈ పేరు చెల్లును. హెక్టారునకు 25 హెక్టోలీటర్లకు మించి తీయరాదని నియమము. తడియు ఎండయు ఇట్లు కూడిరాని నేలపై ఈ కార్యము సహజముగా సిద్ధింపదు. దేశము కారణమనుటకు ఇంతకన్న స్పష్టమైన అన్వయవ్యతిరేకము దొరకుట యరుదు.

పురుషప్రయత్నము

దేశము కారణమైనను ఏకైక కారణము కాదు. నేలగుణమును గుర్తించినది మనుష్యుడు. 1098లో స్థాపితమైన సీతో మఠపు సన్న్యాసులు బర్గండివాలున తోటలు సంపాదించి, తరతరములుగా సాగుచేసి, ఏ పొలపు రసమెట్టిదో పరిశీలించిరి. క్లో ద వూజో తోటకు వారు కట్టిన ప్రహరి నేటికిని కలదు. 1395లో బర్గండిప్రభువు ఫిలిప్పు, విరివిగా కాచు గామే జాతితీగలను పెరికివేయవలెనని శాసించెను. నేల ఉత్తమమైనను జాతి తగనిదైన పేరునకు హాని కలుగునను జ్ఞానము ఆ శాసనమున కలదు.

ఇట్టి జ్ఞానము శాసనరూపము దాల్చుటకు ఒక విపత్తు కారణమైనది. 1860వ దశకమునుండి ఫిలాక్సెరా అను పురుగు ఫ్రాన్సుతోటల వేళ్లను తినివేసెను. పంట క్షీణింపగా, ఎండుద్రాక్షతోను పంచదారనీటితోను చేసిన కల్పితమద్యములు, పరసీమల రసములు ప్రసిద్ధుల పేర్లతో అమ్ముడుపోయెను. 1905లో వంచనానిషేధ శాసనము వచ్చెను. 1908లో షాంపేన్ సీమకు హద్దులు గీచినప్పుడు ఓబ్ జిల్లా బయట పడెను. 1911లో ఒకవంక బయటిరసము తెచ్చు వర్తకులపై మార్న్ జిల్లా రైతులు, మరొకవంక తమను వెలివేసినారని ఓబ్ రైతులు తిరుగబడిరి. ఒక పేరు తమకు చెల్లునా చెల్లదా యను ప్రశ్న వేలాది కుటుంబముల జీవనప్రశ్న యయ్యెను. 1927 శాసనముచే ఓబ్ మరల ఆ సీమలో చేరెను.

1919 శాసనము నామాధికారమును హద్దులతో మాత్రము ముడిపెట్టెను. హద్దులలోపల తగని నేలలో, తగని జాతిని, అమితముగా పండించినను ఆ పేరు చెల్లెను. శాసనసభ్యుడు జోసెఫ్ కాప్యు ఈ లోపమును ఎత్తిచూపెను. అంతకుముందే రోన్‌లోయయందలి షాతోనఫ్ ద్యు పాప్ గ్రామమున న్యాయవాదియగు పియేర్ ల రువా 1923లో రైతులచే నియమములు చేయించెను: తగిన జాతులే నాటవలెను; కనీసము 12.5 శాతము మద్యసారముండవలెను; చెడిన పండు ఏరివేయవలెను; తైలగంధము గల థైమ్, లావెండరు మొక్కలు పెరుగు బీడునేలయే తోటకు తగును. మొక్కనుబట్టి నేలను గుర్తించు ఈ పద్ధతి భారతీయులకు క్రొత్తది కాదు. వరాహమిహిరుని బృహత్సంహితయందలి దకార్గళాధ్యాయము చెట్లనుబట్టియు పుట్టలనుబట్టియు భూగర్భజలమును గుర్తించు విధమును చెప్పుచున్నది.

30 జులై 1935నాటి శాసనముచే ‘నియంత్రిత మూలస్థాననామము’ అను వ్యవస్థ ఏర్పడెను. 1936లో షాతోనఫ్, ఆర్బ్వా మొదలగునవి తొలినామములుగా అంగీకరింపబడెను. ఈ వ్యవస్థకు ఫ్రెంచిలో వాడు ‘అపెలాసియోఁ’ అను పదమునకు అర్థము పిలుపు, అనగా నామకరణమే. ఆ పిలుపునకు అర్హత కలుగవలెనన్న హద్దు, జాతి, దిగుబడి, పక్వత, తీగల కత్తిరింపు, మధునిర్మాణవిధానము అన్నియు శాసనోక్తముగా నుండవలెను. ఒక్క మాటలో, పుట్టుక చాలదు. సంస్కారము కూడ కావలెను.

పూర్వపక్షము – సమాధానము

ఇచట పూర్వపక్షులు మూడు ఆక్షేపములు చేయుదురు. మొదటిది: 24 మే 1976న పారిసులో నామములు కప్పి జరిగిన రుచిపరీక్షయందు, ఫ్రెంచి పరీక్షకులే కాలిఫోర్నియా మధువులకు ప్రథమస్థానమిచ్చిరి. స్థలనామమునకు మహిమ యున్నచో ఇట్లు కానేరదు. రెండవది: క్లో ద వూజో ఇంచుమించు 50 హెక్టార్ల తోట, నేడు దాదాపు 80 మంది సొంతదార్ల చేతులలో నున్నది, ఎగువభాగపు పలుచని సున్నపునేల వేరు, దిగువభాగపు తడిబంకమన్ను వేరు. పేరొక్కటియే, గుణము నానావిధము. మూడవది: 1847లో ఝెవ్రే గ్రామము తనయందలి ప్రసిద్ధమైన షాంబెర్తాఁ తోట పేరును తన పేరునకు చేర్చుకొనెను, 1879లో ప్యులిన్యీ, షసాన్య గ్రామములు మోఁరాషే తోట పేరును చేర్చుకొనెను. గ్రామమధువును కొనువాడు తోటమధువని భ్రమించును. కావున నామము గుణబోధకము కాదు.

సమాధానము. మొదటి ఆక్షేపము దేశగుణమును ఖండింపలేదు. ఉత్తమదేశములు మరికొన్ని కలవని మాత్రము చూపినది. గెలిచినవారు తరువాత చేసిన పని గమనింపదగును: 1981లో నాపాలోయ తన పేరునకు హద్దులేర్పరచి శాసనరక్షణము పొందెను. దేశము నామమాత్రమని గెలిచినవారే నమ్మియున్నచో హద్దుతో పనియేమి? అయితే అమెరికా వ్యవస్థలో హద్దును, ఆ హద్దులోపలి పండు కనీసము 85 శాతముండవలెనను నియమమును కలవు. జాతినిగాని దిగుబడినిగాని అది నిర్బంధింపదు. అది జాతత్వమును చెప్పును, సంస్కారమును చెప్పదు.

రెండవ ఆక్షేపము నిజముగా దేశపక్షమునే బలపరచుచున్నది. ఒకే ప్రహరిలోపల నేల మారగా గుణము మారినదన్నచో, గుణమునకు నేల కారణమని తేలినది. దోషము కారణమునందు లేదు. ప్రహరిని నేలభేదముగా ఎంచిన హద్దునందు కలదు. మఠకాలమున పలు భాగముల రసములను కలుపు అవకాశముండుటచే ఒక్క పేరు సార్థకమై యుండవచ్చును. సొత్తు ముక్కలైన పిదప అదే పేరు వదులైనది. మూడవ ఆక్షేపము మాత్రము స్వీకార్యమే. పేరు ప్రసిద్ధమైనకొలది దానిని ఇతరులు ధరింపగోరుదురు. నామము రక్షణ కోరునని చెప్పుటకు అది ఉదాహరణము. నామము వ్యర్థమని చెప్పుటకు కాదు.

యోగరూఢి భంగము

శాబ్దికుల మతమున పంకజశబ్దము యోగరూఢము. పంకమున పుట్టినది అనుట యోగము. పద్మము అనుట రూఢి. రెండును కూడినప్పుడే శబ్దార్థము పూర్ణము. షాంపేన్ శబ్దము సరిగా ఇట్టిదే. ఆ సీమలో పుట్టుట యోగము. సీసాలో రెండవమారు పులిసి నురుగుగల మధువగుట రూఢి. నురుగులేని మధువు ఆ సీమయందే పుట్టినను దానిని షాంపేన్ అనరు. దానికి కోతో షాంపన్వా అను వేరుపేరు కలదు. అచట యోగము కలదు, రూఢి లేదు. అన్యదేశపు నురుగుమధువును ఆ పేరుతో పిలిచినచో రూఢి కలదు, యోగము పోవును. యోగము పోయిన నామము కేవలము జాతివాచకమగును. అప్పుడు ఆ సీమరైతునకు తన ఊరి పేరుపై అధికారముండదు.

ఈ భంగమును వారించుటకు దీర్ఘవివాదములు నడచినవి. 1960లో ఇంగ్లండు న్యాయస్థానము స్పెయిన్ మధువును ‘స్పానిష్ షాంపేన్’ అని అమ్మరాదని తీర్పు చెప్పెను. అమెరికాయందు బర్గండి, షబ్లీ, షాంపేన్ అను పేర్లు అర్ధజాతివాచకములుగా చిరకాలము చెల్లెను. 2006లో ఐరోపాసమాజముతో కుదిరిన ఒడంబడికచే క్రొత్తగా ఆ పేర్లు పెట్టుట నిషిద్ధమైనను, అంతకుముందు వాడుచుండిన చీటీలు నిలిచిపోయినవి.

1995లో అమలులోనికి వచ్చిన ట్రిప్స్ ఒడంబడిక 23వ అధికరణము మధువులకును ఇతర మద్యములకును ప్రత్యేకరక్షణమిచ్చినది. ఫలానిచోటి ‘వంటిది’, ‘రకము’, ‘తీరు’ అని చేర్చినను ఆ స్థలనామము వాడరాదు. పాణిని ఐదవ అధ్యాయమున కొంచెము కొరతపడినదను అర్థమున కల్పప్, దేశ్య, దేశీయర్ ప్రత్యయములను విధించెను. ఆ ప్రత్యయము చేరిన మాట ప్రకృత్యర్థముతో పోలికను చెప్పుచునే లోటును కూడ చెప్పును. విపణిలో మాత్రము లోటు వినబడదు, ప్రకృతియే వినబడును. ఆ కారణముననే ఒడంబడిక సాదృశ్యవాచకమును కూడ నిషేధించినది.

ఇతరవస్తువులకు 22వ అధికరణపు సామాన్యరక్షణమే కలదు. జనులు భ్రమపడుదురని నిరూపింపవలెను. 23వ అధికరణపు రక్షణము అన్ని వస్తువులకును ఈయవలెనని భారతదేశము, మరికొన్ని దేశములు కోరినను అది ఇంకను అంగీకరింపబడలేదు. ఈ భేదము తెలుగువారికి దూరపు విషయము కాదు. 1999నాటి భౌగోళిక సూచికల చట్టము 2003లో అమలులోనికి వచ్చిన పిదప పోచంపల్లి ఇకత్ 2005లోను, తిరుపతి లడ్డు 2009లోను, బనగానపల్లె మామిడి 2017లోను నమోదైనవి. వీనిలో మామిడికి నేల, ఎండ ప్రధానకారణములు. చీరకు నేతగాని చేయి కారణము. లడ్డునకు ఆలయపు పోటు, దిట్టము కారణములు. మూడింటికిని స్థలనామమే యైనను కారణభాగములు వేరు. మరలపై అచ్చొత్తిన గుడ్డకు పోచంపల్లి పేరు తగిలించినప్పుడు యోగము భగ్నమగుచున్నది, నష్టపోవునది మగ్గము. నాసిక్ లోయ వైను కూడ ఈ పట్టికలో చేరినది. అచట శరదృతువున తీగలు కత్తిరించి, శీతకాలాంతమున పండు కోయుదురు. ఐరోపాలో వసంతమున చిగిర్చి శరత్తున కోతకు వచ్చును. కాలము కూడ దేశాధీనమే యని ఇందువలన స్పష్టము.

మారుచున్న దేశము

ఇప్పుడు ఒక క్రొత్త సంకటము తలెత్తినది. బోన్ పట్టణమున 1354నుండి 2018వరకు కోతదినముల లెక్కను పరిశోధకులు కూర్చి 2019లో ప్రకటించిరి. 1987వరకు సగటు కోత సెప్టెంబరు 28 ప్రాంతమున. 1988నుండి సగటున 13 దినములు ముందు. భూతాపము పెరుగుటయే హేతువు. హద్దు కదలలేదు, పేరు మారలేదు. కాని పేరునకు వ్యాఖ్యానమైన ఎండయు చలియు మారినవి. 2021లో బోర్డోసీమకు వేడిమిని ఓర్చు ఆరు క్రొత్తజాతులను అనుమతించిరి. అయితే తోటవిస్తీర్ణమున 5 శాతమునకు, రసమిశ్రమమున 10 శాతమునకు మించరాదు. ఈ మితి యందు శాసనకర్తల సందిగ్ధత కానవచ్చుచున్నది. జాతిని మార్చక రుచిని కోల్పోవలెనా, రుచిని నిలుపుటకు జాతిని మార్చవలెనా? పేరు నేలదా, ఆ నేలనుండి వచ్చు గుణముదా? రెండును ఒక్కటిగా నున్నంతకాలము ఈ ప్రశ్న పుట్టదు.

ఉపసంహారము

మధువు విషయమున స్థలనామము కేవలము చిరునామా కాదు. అది నీరు అందు క్రమమును, ఎండ తగులు దిక్కును, తగిన జాతిని, తరములుగా కుదిరిన సంస్కారమును కలిపి చెప్పు సంక్షేపము. కావుననే యోగములు వివరించిన కౌటిల్యుడు మధువునకు దేశముతో సరిపుచ్చెను. కాని వ్యాఖ్యానము మూలమును అనుసరించి యుండవలెను. హద్దు నేలను అనుసరింపనిచోట, సంస్కారము లోపించినచోట, పరులు పేరును ధరించినచోట, ప్రకృతియే మారినచోట ఆ వ్యాఖ్యానము క్రమముగా అపవ్యాఖ్యానమగును. శబ్దమును రక్షించుట వైయాకరణుని పని. నేలను రక్షించుట కర్షకుని పని. స్థలనామము నిలువవలెనన్న ఈ రెండు పనులును కూడిరావలెను.